చంద్రుడి మీదికి గట్టిమేళం

మూగ సినిమాకి డోలు వాయించాలని అడిగినప్పుడు మా అన్నయ్య నావైపు జాలిగా చూశాడు. ఈ వయసులో చెల్లెలికి మతి గాని తప్పిందా అనుకున్నట్టున్నాడు. కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు. మా వదిన సాయంత్రం పూట వీధి మొదట్లో బజ్జీల బండి పెడుతుంది. ఆ బండికే ఆ ఉల్లిపాయలు.

"మాటల్లేని సినిమాకి మేళమెందుకే?" అన్నాడు.

"మాటల్లేవు కాబట్టే కావాలి. సినిమా నడుస్తున్నంతసేపూ పక్కన కూర్చుని మనం వాయించాలి. పూర్వం అలాగే చేసేవారట."

"బొమ్మలు సూసి ఇంటికెల్లిపోలేరేటి జనం," అని మళ్ళీ కత్తిపీట మీదికి వంగాడు.

నాకు ఒళ్ళు మండింది. నాకు తొందరగానే మండుతుంది, ఆ సంగతి విజయనగరంలో నా దగ్గర వయొలిన్ నేర్చుకున్న పిల్లలందరికీ తెలుసు. కమాను సరిగ్గా పట్టుకోకపోతే నా నోటికి హద్దుండదు. అలా తిట్లు తిని నేర్చుకున్న వాళ్లలో ఒక అమ్మాయి ఇప్పుడు రాజాంలో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతోంది. అక్కడి పిల్లలతో సినిమా క్లబ్బొకటి పెట్టింది. పాత విదేశీ సినిమా వేస్తున్నామనీ, మనుషులు చంద్రుడి మీదికి వెళ్ళకముందే వెళ్ళినట్టు ఊహించి తీసిన కథ అనీ, శబ్దం లేదు కనుక మీరొచ్చి వయొలిన్ వాయించాలనీ ఫోన్ చేసింది. "మన రాగాలతోనే వాయించండి టీచర్‌గారూ, ఇంగ్లీషు సంగీతం వద్దు," అంది. సినిమాలో సగం సేపు ఫ్యాక్టరీలో ఇనుప ఓడ తయారవుతుందట. సుత్తి దెబ్బలు, చక్రాలు, ఆవిరి. దానికి గట్టి తాళవాద్యం ఉండాలంది. మృదంగం ఆయన్ని పిలుద్దామా అని కూడా అడిగింది. అక్కర్లేదు, మా అన్నయ్య ఉన్నాడు అని నేను వెంటనే మాటిచ్చేశాను. అన్నయ్యని అడక్కుండానే.

ఎందుకిచ్చానో చెప్పాలి. మాది గుడి మేళం కుటుంబం. మా నాన్న సన్నాయి, అన్నయ్య డోలు. ఆడపిల్లనని నన్ను మాత్రం వయొలిన్‌లో చేర్పించారు. నాన్న పోయాక సన్నాయికి ఇంకెవరో వచ్చారు, పోయారు. అన్నయ్య మాత్రం పొద్దుటి సేవకీ, సాయంత్రం హారతికీ డోలు మోయడం మానలేదు. జ్వరం వచ్చినా వెళ్ళేవాడు. కొన్నాళ్ళ కిందట ఎవరో భక్తుడు ఆ గుడికి కరెంటు మేళం ఇచ్చాడు. మీరూ చూసే ఉంటారు. ఒక ఇనుప చట్రంలో డోలు, గంట, తాళాలు బిగించి ఉంటాయి. స్విచ్చి వేస్తే మోటారు తిరిగి అన్నీ ఒక్కసారే దడదడలాడతాయి. అన్నయ్యని ఎవరూ పొమ్మనలేదు. నువ్వూ వచ్చి వాయించుకో, ఎవరొద్దన్నారు అన్నారు. కొన్ని రోజులు ఆ మోటారు పక్కనే నిలబడి వాయించాడు. తన డోలు తనకే వినపడలేదు. ఒకరోజు వెళ్ళడం మానేశాడు.

మానేసినందుకు కాదు అతనికి బాధ. ఆ రోజు నుంచి ఇంతవరకు, ఏమయ్యా రావడం లేదేం అని గుడి నుంచి ఒక్క మనిషి వచ్చి అడగలేదు. రోజూ హారతికి వచ్చేవాళ్ళు బజ్జీల బండి దగ్గర కనపడతారు, మిరపకాయ బజ్జీ బాగుందంటారు, వెళ్ళిపోతారు. అన్నయ్య లేడన్న సంగతే వాళ్ళకి తెలియలేదు.

డోలుకి గలేబు తొడిగి అటక మీద పడేశాడు. పెళ్ళిళ్ళకి పిలిచినా నడుం నొప్పన్నాడు. మా వదిన నా దగ్గరికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మనిసి ఇంట్లోనే ఉంతాడమ్మా, ఉన్నట్టుండదు. ఏదడిగినా ఊఁ అంతాడు. ఆ డోలు మోత ఉన్నప్పుడు తలనొప్పని తిట్టేదాన్ని. ఇప్పుడు ఇల్లు భయమేస్తన్నాది," అంది. నాకు సినిమా మీద మోజేం లేదు. అన్నయ్య మళ్ళీ డోలు పట్టుకోవాలి, అంతే. అందుకే రాజాం అమ్మాయికి మాటిచ్చాను.

ఉల్లిపాయల దగ్గర జరిగిన ఆ సంభాషణ తర్వాత అతన్ని మా ఇంటికి లాక్కొచ్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. లాప్‌టాప్‌లో సినిమా పెట్టి చూపించాను. గడ్డం శాస్త్రవేత్త ఒకాయన గోడ మీద సుద్దతో లెక్కలు వేస్తాడు. ఊరంతా నవ్వుతుంది. ఆయన భార్య చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకుని మొగుడి కోటుకి బొత్తాలు కుడుతుంది. తర్వాత ఫ్యాక్టరీ. అన్నయ్య మొదట గోడకి చేరగిలబడి చూశాడు. సుత్తులు పడుతుంటే కాస్త ముందుకి జరిగాడు. వేళ్ళు మోకాలి మీద కదలడం ఓరకంట చూశాను, చూడనట్టు ఊరుకున్నాను. మర్నాడు అటక మీంచి డోలు దించి తెచ్చాడు. దాన్ని బిగించడానికే ఒక పూట పట్టింది.

అభ్యాసం మొదలుపెట్టాక అసలు గొడవ మొదలైంది. కచేరీలో నేను ఎన్నో ఏళ్ళు పక్కవాద్యం వాయించాను. పాడేవాళ్ళు ఊపిరి తీసుకుంటే మనకి తెలుస్తుంది. మనం ఒక సంగతి బాగా వాయిస్తే తల ఊపుతారు, కాసేపు ఆగి మనకి చోటిస్తారు. ఈ సినిమా ఆగదు. అన్నయ్య ఫ్యాక్టరీ ఘట్టంలో మంచి తీర్మానం, అదే మూడుసార్లు తిప్పి ముగించే ముక్క, ఒకటి మొదలుపెట్టి తాళం మొదటి దెబ్బకి వచ్చేసరికి, తెర మీద ఎప్పుడో బొమ్మ మారిపోయి శాస్త్రవేత్త భార్య పిల్లకి పాలు పడుతోంది. ఆ పాలు తాగే పిల్ల మీద డోలు ఢామ్మని పడింది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. అతను కర్ర పక్కన పెట్టేశాడు.

"నాను ఎంత వాయించినా ఇది ఇన్నాదేటే? దాని మానాన అది పోతన్నాది. గుళ్ళో మోటారూ ఇంతే, ఇదీ ఇంతే. ఒక మిషను కాడి నుంచి లేపి ఇంకో మిషను కాడ కూకోబెడతావేటి నన్ను?" అని లేచి వెళ్ళిపోయాడు. డోలు మా ఇంట్లోనే వదిలేశాడు.

నేను వెనకాల వీధి దాకా వెళ్ళి అరిచాను. కోపం వస్తే నా చదువుకున్న భాష ఎటో పోయి మా ఇంటి భాష బయటికొస్తుంది. "ఎల్లు, ఎల్లి ఆ ఉల్లిపాయలు కోసుకో, మళ్ళీ నా గుమ్మం తొక్కకు," అన్నాను. అతను వెనక్కి తిరిగి చూడలేదు. లోపలికొచ్చి ఆ డోలుని చూస్తే ప్రాణం ఉసూరుమంది.

ప్రదర్శన నాటికి కూడా అతను రాలేదు. కాలేజీ వాళ్ళు కారు పంపారు. డోలు ఎక్కించి, వయొలిన్ ఎక్కించి, పోనీ ఒక్కసారి ఆగి చూద్దామని అన్నయ్య ఇంటి మీదుగా పొమ్మన్నాను. వాకిట్లో మా వదిన పట్టుచీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని నిలబడి ఉంది. లోపలికి తిరిగి మాట్లాడుతోంది.

"నాను రాజాం ఎల్తన్నాను. మీ సెల్లి వాయించేది సూస్తాను. ఈయేల బండి తియ్యను. నువ్వు ఇంటి కాడే ఉండు, ఏటైనా అన్నం ఒండుకు తిను," అంటోంది. ఆ మాట చెప్పి కారెక్కి నా పక్కన కూర్చుంది. ఒక్క నిమిషం ఎవరూ కదల్లేదు. తర్వాత అన్నయ్య చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు. ముందు సీట్లో కూర్చుని, డోలు వాయించేటప్పుడు పెట్టుకునే వేళ్ళ తొడుగులు తెచ్చేవా అని నన్నడిగాడు. తెచ్చానన్నాను.

రాజాం కాలేజీ హాలు నిండిపోయింది. పిల్లలు ఈలలు వేస్తున్నారు, కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్నారు. తెరకి ఒక పక్కగా మా ఇద్దరికీ జంపఖానా పరిచి మైకులు పెట్టారు. డోలుకి మైకెందుకు, దూరంగా పెట్టండని నేనూ, ఉండనీ అని అన్నయ్యా కాసేపు వాదించుకున్నాం. మా రాజాం అమ్మాయి మైకులో, తెర మీద ఇంగ్లీషులో రాతలొచ్చినప్పుడు తాను తెలుగులో చదివి చెబుతానంది. వదిన మొదటి వరసలో ప్రిన్సిపాలు పక్కన కూర్చుని, పెళ్ళివారింటికొచ్చినట్టు అటూ ఇటూ చూస్తోంది.

దీపాలు ఆర్పారు. మొదట్లో నాకు భయమేసింది. ఎప్పుడూ ఒకరి వెనక వాయించినదాన్ని, ఈ రోజు ముందు వాయించాలి. పిల్లలు శాస్త్రవేత్త గడ్డం చూసి నవ్వారు. నేను కాస్త చిలిపిగా వాయిస్తే ఇంకా నవ్వారు. అక్కడి నుంచి భయం పోయింది. ఫ్యాక్టరీ ఘట్టం వచ్చింది. అన్నయ్య తల ఎత్తి తెర మీదే కళ్ళు పెట్టాడు. ఈసారి తీర్మానాలూ గీర్మానాలూ పెట్టుకోలేదు. సుత్తి పడితే కర్ర పడింది. చక్రం తిరిగితే వేళ్ళు తిరిగాయి. హాలులో నేల అదిరింది. మెట్ల మీది పిల్లలు చప్పట్లతో తాళం పట్టారు. నాకు ఎంత సంతోషమేసిందంటే, నేను వాయించాల్సిన చోట వాయించడం మరిచిపోయి అతన్ని చూస్తూ ఉండిపోయాను.

ఓడ తయారైంది. బయల్దేరే రోజు వచ్చింది. ఇక్కడ అభ్యాసంలో మేం అనుకున్న ఏర్పాటు ఏమిటంటే, శాస్త్రవేత్త నిచ్చెన మీద కాలు పెట్టగానే డోలు పూర్తిగా ఆగిపోవాలి. వయొలిన్ ఒక్కటే ఉండాలి. నాదనామక్రియ రాగంలో చిన్న ముక్క అనుకున్నాను. ఎందుకంటే అప్పుడు తెర నిండా ఆ భార్య మొహం కనిపిస్తుంది. అంతవరకు నవ్వుతూ నిలబడిన మనిషి, ఇంక తట్టుకోలేక నోరు తెరిచి ఏడుస్తుంది. శబ్దం లేని ఏడుపు. ఆ చోటు కోసం నేను ఇంట్లో తలుపులేసుకుని వాయించుకున్నాను, నాలో నేనే ఏడ్చాను కూడా.

తెర మీద పెద్ద గడియారం. ముల్లు పన్నెండు వైపు జరుగుతోంది. పెద్దమనుషులు శాస్త్రవేత్తకి పూలదండ వేశారు. ఆయన నిచ్చెన మీద కాలు పెట్టాడు. డోలు ఆగింది. నేను కమాను తీగ మీద పెట్టి మొదటి స్వరం లాగాను. భార్య చంటిపిల్లని గుండెకి హత్తుకుని నిలబడింది. గడియారం ముల్లు పన్నెండు మీదికి వచ్చింది. ఆమె నోరు తెరిచింది.

గట్టిమేళం.

ఏదో పొరపాటున కర్ర తగలడం కాదు. మా అన్నయ్య డోలు మీదికి వంగి, రెండు చేతులా, తాళి కట్టే వేళ వాయించే గట్టిమేళం, హాలు కప్పు లేచిపోయేట్టు వాయిస్తున్నాడు. నా వయొలిన్ నాకే వినపడలేదు. అతని వైపు గుడ్లురిమి చూశాను. అతను నన్ను చూడ్డం లేదు. ఆ ఏడ్చే ఆడమనిషినే చూస్తూ ఇంకా ఇంకా పెంచుతున్నాడు.

పిల్లలకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత ఎవరో పకపకా నవ్వారు. ఈలలు మొదలయ్యాయి. వెనక వరసల వాళ్ళు చేతిలో ఉన్న కాగితాలు చింపి తెర మీదికి అక్షింతల్లా విసిరారు. మొదటి వరసలో మా వదిన కూడా అలవాటుగా చెయ్యెత్తి, చేతిలో ఏమీ లేదని చూసుకుని దించేసింది. నేనేం చెయ్యను మరి? నాదనామక్రియ వదిలేసి పెళ్ళిళ్ళలో వాయించే ఆనందభైరవి పట్టుకున్నాను. ఆ ఏడుపు మొహం మీద, ఆ కాగితం ముక్కల మధ్య, ఇనుప ఓడ పొగ చిమ్ముకుంటూ లేచింది. ఓడ మబ్బుల్లోకి పోయాకగాని అతను డోలు ఆపలేదు.

మిగతా సినిమా సవ్యంగా జరిగింది. చంద్రుడి మీద ఉప్పుకొండలు, తిరిగి రావడం, అన్నీ. చివర్లో అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నాకవేం ఎక్కలేదు. నేననుకున్న ఒకే ఒక్క చోటు నాశనమైపోయింది. పక్కన ఖాళీ క్లాసురూములోకి వాద్యాలు తీసుకెళ్ళేదాకా పళ్ళు బిగబట్టుకున్నాను. వదిన తలుపు దగ్గరే ఆగిపోయింది.

"ఎవరి పెళ్ళి అనుకున్నావు?" అన్నాను.

అన్నయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. "మూర్తం కాడ ఆడమనిసి ఏడుస్తంటే ఊరుకుంతామేటే? దండేసేరు, గడియ ఒచ్చింది, ఆడు కాలెత్తి పెట్టేడు. ఆ ఏడుపు ఆడి సెవిన పడితే ఆడింక ఎల్లగలడేటి?"

అప్పటికి నాకు అర్థమైంది. పెళ్ళిలో తాళి కట్టే క్షణాన ఎవరైనా తుమ్మినా, ఏడ్చినా, అశుభం పలికినా పెళ్ళికొడుకు చెవిన పడకూడదని గట్టిమేళం వేస్తారు. పురోహితుడి చెయ్యి ఒక కంటా, జలుబు చేసిన ముసలాళ్ళని ఒక కంటా కనిపెట్టి ఉండాలని మా నాన్న చిన్నప్పుడే అన్నయ్యకి నేర్పాడు. అర్థమైనా నా కోపం దిగలేదు.

"అది మూగ సినిమా అన్నియ్యా. ఆవిడ ఏడుపు ఎవరికి వినపడతాది?"

"నాకు ఇనపడింది," అన్నాడు.

నేను ఇంకా గట్టిగా అరిచాను. చెప్పింది చెప్పినట్టు చెయ్యలేవా అన్నాను. ఆ ముక్క కోసం నేనెంత కష్టపడ్డానో తెలుసా అన్నాను. నా దగ్గర నేర్చుకునే పిల్లలెవరైనా ఇలా వాయిస్తే బయటికి గెంటేదాన్నన్నాను. అతను కర్రా తొడుగులూ సర్దుతూ తలొంచుకుని వింటున్నాడు. మా రాజాం అమ్మాయి లోపలికొచ్చి, పోనీలెండి టీచర్‌గారూ, పిల్లలకి అదే అన్నిటికన్నా నచ్చింది అంది. నచ్చితే నచ్చనీ, తప్పు తప్పే అన్నాను.

"తప్పేనా?" అన్నాడు అన్నయ్య.

"తప్పే. నూరుసార్లు తప్పు."

అతను నవ్వాడు. చాలా రోజులకి చూశాను ఆ నవ్వు. నాకు ఇంకా ఒళ్ళు మండి, ఏటి నవ్వుతున్నావని గద్దించాను.

"గుళ్ళో ఆ మిషనెట్టినాక, దాని పక్కన నిలబడి కావాలనే తప్పులు వాయించేనే," అన్నాడు. "తాళం తప్పి వాయించేను. ఎవుడైనా ఇటు తిరుగుతాడేమోనని. ఒక్కడూ తిరగలేదు. ఈయేల నువ్వు ఇన్ని తిట్లు తిడతన్నావంటే ఇన్నట్టే కదా. తిట్టు, ఇంకా తిట్టు."

ఆ చీకటి గర్భగుడి ముందు మా అన్నయ్య, మా నాన్న దగ్గర దెబ్బలు తిని తాళం నేర్చుకున్న మనిషి, కావాలని తాళం తప్పుతూ జనం మొహాలు చూడ్డం నా కళ్ళకి కట్టింది. వదిన చెంగు నోటికడ్డం పెట్టుకుంది. నేను అక్కడున్న బెంచీ మీద కూలబడి, నా విద్యార్థిని ముందే, భోరున ఏడ్చాను.

రాత్రికి విజయనగరం తిరిగొచ్చాం. వాళ్ళింటి ముందు అతను డోలు దించుకుంటుంటే అద్దం దించి చెప్పాను. రేపు పొద్దున్న మా ఇంటికి రా, ఆ నిచ్చెన దగ్గర ముక్క సరిగ్గా వచ్చేదాకా వదలను, కుదురుగా వాయించకపోతే నా వయొలిన్ పిల్లలందరి ముందూ తిడతానన్నాను. అతను ఊఁ అనలేదు, తల మాత్రం ఊపాడు. వస్తాడని నాకు నమ్మకం లేదు. పొద్దున్న పాలవాడికోసం తలుపు తీసేసరికి, మా గుమ్మంలో డోలు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళకి తొడుగులు కూడా తొడుక్కుని కూర్చుని ఉన్నాడు.